పసుపు బండ కింది ఆకు

గవరపాలెం, అనకాపల్లి
24 జూన్ 2001

చిన్నాన్నకి, పిన్నికి పుష్ప వందనాలు.

చిన్నాన్నా, బ్లాస్టింగు మోతలకి మీ చెవులు ఎప్పుడో రిటైరయ్యాయని, మనిషి మాత్రం వచ్చే మార్చికి రిటైరవుతాడని పిన్ని మొన్న ఎస్టీడీ బూత్ నుంచి చెప్పింది. ఫోనులో నేను అరిస్తే మా వీధంతా వింటుంది గానీ మీకు వినబడదు. అందుకని ఉత్తరమే రాస్తున్నాను.

నాకు పోస్టింగు వచ్చింది. దేవరాపల్లి బస్సులో వెళ్లి, దిగి రెండు కిలోమీటర్లు నడిస్తే చింతలగరువు అనే ఊరు. ఐదు తరగతులు, రెండు గదులు, ముప్పై ఎనిమిది మంది పిల్లలు, ఒక్క టీచరు. ఆ ఒక్కదాన్నీ నేనే. మూడో తరగతి పాఠం చెబుతుంటే ఐదూ వింటుంది, ఒకటీ వింటుంది, కిటికీ బయట మేకా వింటుంది.

ఈ వారం పాఠం రాళ్లు, నేలలు, శిలాజాలు. పుస్తకంలో రాతి మీద చేప బొమ్మ వేశారు. అచ్చు ఎంత నల్లగా పడిందంటే అది చేపో చెప్పో తెలియడం లేదు. ఒకడు లేచి, "రాయిలోకి సేప ఎలాగెల్లినాది టీచరమ్మా?" అన్నాడు. బురదలో పూడిపోయింది, ఆ బురదే రాయి అయిపోయింది అన్నాను. "ఎవులు పాతిపెట్టేరు?" అన్నాడు. నేను బీయీడీ చదివాను చిన్నాన్నా, అయినా నీళ్లు నమిలాను.

అప్పుడు మన చర్చి సంఘం గుర్తొచ్చింది. గుడికి పునాది తీసినప్పుడు ఇంటికో రాయి మోసుకెళ్లాం కదా. మీరు అందరికన్నా పెద్దది ఎత్తబోయి నాలుగు రోజులు మంచం దిగలేదని నాన్న ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. అదే పిల్లలకి చెప్పాను. బడికి కూడా ఇంటికో రాయి, గుప్పెడు మన్ను తెమ్మన్నాను. మర్నాటికి వరండా నిండిపోయింది. పలుగురాళ్లు వచ్చాయి, దానిమ్మ గింజల్లాంటి ఎర్ర చుక్కలున్న కొండరాళ్లు వచ్చాయి, గరువు మన్ను, చవుడు మన్ను, చెరువు మట్టి వచ్చాయి. మన్ను సీసాల్లో పోసి నీళ్లతో కలిపి పెడితే ఇసుక అడుక్కి, బురద పైకి పొరలు పొరలుగా దిగింది. పిల్లలు అన్నానికి వెళ్లమన్నా వెళ్లలేదు.

తేని పిల్ల ఒక్కతే, నాలుగో తరగతి పైడితల్లి. ఆ పిల్ల రాయే కాదు, మాటా తేదు. బడి తెరిచిన రోజు నుంచి ఇప్పటిదాకా దాని గొంతు నేను వినలేదు. పిల్లలు దాన్ని మొద్దు అంటారు. నేను కోప్పడతాను, మళ్లీ అంటారు.

నా చిన్నప్పుడు మీ బొగ్గు గనిలో ఆకుల అచ్చులున్న రాళ్లు దొరుకుతాయని చెప్పేవారు. ఒక్కటి పంపగలరా? పుస్తకంలో చెప్పు లాంటి చేపని చూపించి చూపించి సిగ్గేస్తోంది.

మీ
పుష్పకుమారి

*

ఇల్లెందు
15 జూలై 2001

టీచరమ్మగారికి చిన్నాన్న జాన్ బాబు దీవెనలు.

ఆ గుడి రాయి సంగతి మీ నాన్న నీకు సగమే చెప్పాడు. నా నడుం పట్టేసింది రాయి ఎత్తినందుకు కాదు, రెండో కొస పట్టుకుంటానన్న మీ నాన్న మధ్యలో వదిలేసినందుకు. ఇది ఆయనకి గట్టిగా చదివి వినిపించు.

రాయి పంపుతున్నాను. నా పాత బనీనులో చుట్టాను, ఉతికిందే. గనిలో నా పని నీకు తెలుసు. బొగ్గు తీసేశాక పైన కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. ముప్పై మూడేళ్లుగా నేను చూసింది గోడలు కాదు, కప్పే. ఆ కప్పులోనే ఈ ఆకులుంటాయి. తల మీద లైటు వేసి చూస్తే అడవి కింద నిలబడినట్టుంటుంది. ఎప్పుడో పెద్ద చిత్తడి అడవి ఉండేదట. రాలిన ఆకుల మీద మెత్తటి బురద పడింది, దాని మీద ఇంకా బురద. నీ సీసాలో దిగిందే, అక్కడా దిగింది. అది గట్టిపడి రాయైంది, ఆకు అచ్చు మిగిలింది. ఎవరు పాతిపెట్టారని అడిగినవాడికి, వాన పాతిపెట్టిందని చెప్పు.

నీళ్లలో కడగొద్దు, పొరలు పొరలుగా ఊడిపోతుంది. పిల్లల్ని నాకనివ్వొద్దు. నాకుతారు, నాకు తెలుసు.

ఆ పైడితల్లిని మొద్దు అననివ్వకు. మాట్లాడని వాళ్లు ఊరికే ఉండరు తల్లీ, చూస్తూ ఉంటారు. ఈ రాయి ముందు దాని చేతిలో పెట్టు.

చిన్నాన్న

*

అనకాపల్లి
19 ఆగస్టు 2001

చిన్నాన్నా!

ముందు అసలు సంగతి. మా బడికి శిలాజం దొరికింది! మీది కాదు, మాది!

మీరు చెప్పినట్టే రాయి ముందు పైడితల్లి చేతిలో పెట్టాను. అది రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది. ఆకు నడుమ ఈనె, దాని పక్కన సన్నటి ఈనెలు వేలితో తడిమింది. తర్వాత నా చీర కొంగు పట్టుకుని లాగి, "మా ఇంటికాడ కూడా ఉన్నాది టీచరమ్మా" అంది.

క్లాసు మొత్తం దాని వైపు తిరిగింది. గొంతు ఎంత బాగుందో చిన్నాన్నా, కాస్త బొంగురుగా.

"ఏటున్నాది?" అని ఎవరో అడిగారు.

"ఆకు. పసుపు దంచే బండ అడుగున."

బడి వదిలాక దాంతో వెళ్లాను. నాయనమ్మ అప్పలకొండమ్మ వాకిట్లో ఉంది. వాళ్ల అత్తగారి కాలం నుంచి పసుపు కొమ్ములు దంచుతున్న పలక లాంటి బండ అది. పై వైపు పచ్చగా పండిపోయి ఉంది. నేనూ పైడితల్లీ కలిసి తిరగేశాం. అడుగున నల్లటి మొక్క! ఒక కాడ, దానికి కొమ్మలు, కొమ్మలకి మళ్లీ చిన్న కొమ్మలు. ఎవరో కాటుక పుల్లతో గీసినట్టుంది.

బడికి తెస్తానంటే అప్పలకొండమ్మ, "తీసుకెల్లు గానీ ఇరగ్గొట్టకమ్మా, ఉగాదికి మల్లీ పసుపు దంచాల" అంది. బీరువా పైన పెట్టి చీటీ రాశాను. "కోట్ల ఏళ్ల నాటి ఆకు. కనుగొన్నది: పైడితల్లి, 4వ తరగతి."

ఇప్పుడు ఆ పిల్ల నోరు మూయించడానికి నేను బెత్తం వెతుక్కోవాల్సి వస్తోంది. వచ్చిన ప్రతి మనిషికీ ఆకు కథ చెబుతుంది. వాన పాతిపెట్టిందని కూడా చెబుతుంది. ఫిబ్రవరిలో అనకాపల్లిలో ప్రాథమిక బడి పిల్లలకి సైన్సు ప్రదర్శన పెడుతున్నారు. ఆ పిల్లనీ, ఆ బండనీ తీసుకెళ్తాను. పేపరుకి వార్తలు రాసే అతను కూడా వచ్చి ఫొటో తీసుకున్నాడు.

బండ మీది ఆకుని ట్రేసింగు కాగితం మీద పైడితల్లి తనే దిద్ది మీకు పంపమంది. "బొగ్గు తాతకి పంపండి" అంది. ఇదిగో, ఇందులో పెట్టాను. చూసి వెంటనే రాయండి.

పుష్ప

*

ఇల్లెందు
9 సెప్టెంబరు 2001

అమ్మా పుష్పా,

కాగితం అందింది. పిల్ల చెయ్యి మంచి చెయ్యి, ఒక్క కొమ్మా వదల్లేదు.

ఇక్కడ వానలు. పిన్నికి మోకాళ్ల నొప్పులు, నాకు దగ్గు, ఇద్దరం ఒకళ్లనొకళ్లు కోప్పడుతూ కాలం వెళ్లదీస్తున్నాం.

ఊరికే అడుగుతున్నాను. ఆ ఆకుకి నడుమ ఈనె ఉందా? రాతి అంచున పగులేమైనా ఉందా, కొమ్మలన్నీ అక్కడి నుంచే మొదలవుతున్నాయా? రాయి నేను పంపినదానిలా గోరుతో గీస్తే గీత పడుతుందా, గట్టిదా? తీరిక చూసుకుని రాయి. తొందరేమీ లేదు.

పేపరతన్ని మాత్రం కొన్నాళ్లు ఆగమను.

చిన్నాన్న

*

అనకాపల్లి
30 సెప్టెంబరు 2001

చిన్నాన్నకి,

పేపరతను ఆగలేదు. మీ ఉత్తరం వచ్చే ముందు రోజే వేసేశాడు. కటింగు పెడుతున్నాను. పైడితల్లి ఫొటో చూడండి, బండకన్నా అదే పెద్దగా పడింది. ఆ కటింగు ప్రార్థనలో చదవమంటే ఒక్క తప్పు లేకుండా చదివింది. దాన్ని మొద్దు అన్నవాళ్లే ఇప్పుడు దాని పక్కన కూర్చోవడానికి కొట్టుకుంటున్నారు.

మీ ప్రశ్నలకి జవాబులు. నడుమ ఈనె లేదు. కొమ్మలు పగులు దగ్గర నుంచే వస్తున్నాయి. రాయి చాలా గట్టిది, గోరు కాదు మేకు కూడా దిగదు. అయితే ఏమిటట? మీ గనిలో దొరికితేనే ఆకా? మా పసుపు బండ కింద దొరికితే కాదా?

నాకు కోపంగా ఉంది, దాచుకోను. నేను ఇన్ని సంబరాలు రాస్తే మీరు దగ్గు గురించి, మోకాళ్ల గురించి రాశారు. మీకు తెలిసిందేదో ఉంది. ఉంటే మొహం మీదే చెప్పండి. నా చిన్నప్పుడు గోళీలాటలో నేను ఓడిపోతున్నానని మీరు కావాలని ఓడిపోయేవారు. అది నాకు అప్పుడూ నచ్చలేదు.

పుష్పకుమారి

*

ఇల్లెందు
14 అక్టోబరు 2001

తల్లీ,

అది ఆకు కాదు.

మొహం మీదే చెప్పమన్నావు, చెప్పాను. ఇక కోపం తగ్గాక కిందది చదువు.

రాతిలో సన్నని పగులు ఉంటుంది. దాంట్లోకి నీళ్లు ఇంకుతాయి. ఆ నీళ్లలో మాంగనీసు అనే నల్లటి ఖనిజం కరిగి ఉంటే, నీళ్లు ఆరిపోయాక అది ఇలా కొమ్మలు కొమ్మలుగా మిగిలిపోతుంది. చూస్తే అచ్చం మొక్కే. కానీ ఏ మొక్కా అక్కడ మొలవలేదు. నీ ట్రేసింగు కాగితం విప్పిన నిమిషంలోనే నాకు తెలుసు.

ఎలా తెలుసంటే, నాకూ దొరికింది గనుక. 1969. పనిలో చేరి ఏడాది. ఇసుకరాతి పలక మీద ఇలాంటి మొక్కే. కప్పులో రోజూ ఆకులు చూస్తున్నవాణ్ని కదా, ఇదీ ఆకే అనుకున్నాను. ఎక్కడి నుంచో రాళ్లు తెలిసిన పెద్దాయన వచ్చాడంటే, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పలక పట్టుకెళ్లి చూపించాను. ఆయన నవ్వాడు. తప్పని చెప్పి ఉంటే బాగుండేది, నవ్వి ఊరుకున్నాడు. చుట్టూ ఉన్న ముప్పై మందీ నవ్వారు. ఆ రోజు నుంచి నా పేరు ఆకుల జాన్. అది మాంగనీసు అని కూడా పదేళ్ల తర్వాత వేరే ఒకాయన చెబితే తెలిసింది.

ఆ తర్వాత నేను ఎవరినీ ఏదీ అడగలేదు పుష్పా. సర్దార్ పరీక్ష, అదే గని మేస్త్రీ పరీక్ష, రాస్తే పైకి వెళ్లేవాణ్ని. పదిమంది ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారని వెళ్లలేదు. దుంగలు నిలబెడుతూనే ఉండిపోయాను. ఆ పలక వాగులో పారేశాను. ఇది మీ పిన్నికి కూడా తెలియదు.

పోయినసారి నసిగింది నీ కోసం కాదు, ఆ పిల్ల కోసం. ఇప్పుడిప్పుడే నోరు విప్పిన పిల్ల. కానీ ఫిబ్రవరిలో అనకాపల్లిలో అంతమంది ముందు ఎవరో ఒకరు నవ్వుతారు. నవ్వక ముందే నువ్వు చెప్పు. నీకు చేతనైనంత మెత్తగా చెప్పు, కానీ నిజం చెప్పు.

చిన్నాన్న

*

అనకాపల్లి
23 డిసెంబరు 2001

చిన్నాన్నకి, పిన్నికి క్రిస్మస్ వందనాలు.

రెండు నెలలు రాయనందుకు క్షమించండి. మొదటి నెల మీ ఉత్తరం బ్యాగులో పెట్టుకుని బడికి వెళ్లడం, తిరిగి తెచ్చుకోవడం, అదే పని. పైడితల్లి బండ ముందు నిలబడి చిన్న పిల్లలకి కథ చెబుతుంటే నా నోరు ఎలా పెగులుతుంది?

చివరికి నవంబరు ఆఖర్న ఒకరోజు దాన్ని ఒక్కదాన్నీ కూర్చోబెట్టి చెప్పాను. తప్పు నీది కాదు, నాది అన్నాను. నువ్వు ఆకులా ఉందన్నావు, ఆకు అని చీటీ రాసింది నేను అన్నాను. మీ పలక సంగతి కూడా చెప్పాను. మిమ్మల్ని అడక్కుండా చెప్పాను, దానికీ క్షమించండి.

అది లేచి వెళ్లి బల్లెక్కి, చీటీ ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది. మర్నాటి నుంచి మళ్లీ పాత పైడితల్లి. ప్రశ్న అడిగితే నేల చూపులు. పిల్లలు కారణం అడిగితే నేనే చెప్పాను, తప్పు నాదని. అయినా వెనక బెంచీలో ఎవరో "మొద్దు ఆకు" అన్నారు. తొమ్మిది రోజులు చిన్నాన్నా. ఆ తొమ్మిది రోజులూ నాకు అన్నం సహించలేదు. మీ మీద కూడా కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను.

పదో రోజు అది బడికే రాలేదు. ఇక రాదేమో అనుకున్నాను. దాని నాన్న పైడిరాజు బెల్లం వండే పనికి వెళ్తాడు. ఈ నెలతో వంట మొదలైంది, అక్కడికి పనిలోకి తీసుకుపోయాడేమో అని భయం వేసింది. మధ్యాహ్నం బయల్దేరబోతుంటే అదే పరుగెత్తుకుంటూ వచ్చింది. మోచేతుల దాకా బెల్లం. చేతిలో చట్రం ఊడిపోయిన రెండు పలకలు, బెల్లం వండే చోటు నుంచి తెచ్చిన కొబ్బరి చిప్పలో వేడి పాకం.

"టీచరమ్మా, సూడండి. ఇందులో ఆకెయ్యలేదు, కొమ్మెయ్యలేదు. మీరే సూడండి."

ఒక పలక మీద పాకం చుక్క వేసింది. రెండో పలకతో అదిమింది. ఒక వైపు నుంచి పట్టుకుని టప్పున విడదీసింది.

చిన్నాన్నా, పలక మీద మొక్క ఉంది! కాడ, కొమ్మలు, కొమ్మలకి చిన్న కొమ్మలు! పసుపు బండ కింద ఉన్నదే, కాకపోతే బెల్లం రంగులో!

పెనం దగ్గర వాళ్ల నాన్న తెడ్డు మీద ఇంకో తెడ్డు పెట్టి తీసినప్పుడు ఇలాంటి గీతలు పడటం అది ఎప్పటి నుంచో చూస్తోందట. ఎవరూ అడగలేదు, అది చెప్పలేదు. నేను చెప్పిన రోజు నుంచి దాని బుర్రలో ఇదే తిరుగుతోందట. తొమ్మిది రోజుల మౌనం అలక కాదు చిన్నాన్నా, ఆలోచన! నేను దాన్ని దగ్గరికి తీసుకుని ఏడ్చేశాను. నా చీర నిండా బెల్లం. చీమలు ఇప్పటికీ వదల్లేదు.

ఫిబ్రవరికి వెళ్తున్నాం. బండతోనే వెళ్తున్నాం. కొత్త చీటీ తనే రాసింది.

మీ పుష్ప

*

ఇల్లెందు
6 జనవరి 2002

పుష్పమ్మా!

నీ ఉత్తరం చదివాను. మళ్లీ చదివాను. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి బెల్లం డబ్బా దించాను.

పాకం పట్టడం నాకు రాదు, మాడ్చాను. రెండోసారి కుదిరింది. రెండు స్టీలు పళ్లేలు బోర్లించి, మధ్యలో పాకం వేసి, అదిమి తీశాను. వచ్చింది! మీ పిన్ని పళ్లేలు పాడుచేశానని గరిటె పట్టుకుని వచ్చింది, చూసి, "ఇటియ్యండి, నేను సేత్తాను" అంది. ముప్పై ఏళ్లుగా ఇక్కడుండి కూడా ఆవిడ మన అనకాపల్లి మాట మార్చుకోలేదు. సాయంత్రానికి మా క్వార్టర్ల లైన్లో ఆరిళ్లవాళ్లు పళ్లేలు తెచ్చుకుని మా వాకిట్లో కూర్చున్నారు.

ఇన్నేళ్లలో రాళ్లు తెలిసినవాళ్లని ఎంతమందిని చూశానో. అది ఆకు కాదని చెప్పినవాళ్లున్నారు. ఎలా వస్తుందో చేసి చూపించినవాడు ఒక్కడూ లేడు. పదేళ్లు నిండని పిల్ల చూపించింది.

ఒక్క మాట. అక్కడ చూసేవాళ్లు చీటీ చదవరు. బండ చూడగానే నవ్వుతారు. ఆ నవ్వుకి పిల్లని ముందే సిద్ధం చెయ్యి. నాకెవరూ చెప్పలేదు.

చిన్నాన్న

*

అనకాపల్లి
17 ఫిబ్రవరి 2002

చిన్నాన్నా, కూర్చుని చదవండి. పిన్నిని కూడా పిలవండి.

నిన్న ప్రదర్శన. యాభై బళ్ల పైనే వచ్చాయి. బల్బులు వెలిగేవి, నీళ్లు చిమ్మేవి, పొగ వచ్చే అగ్నిపర్వతాలు నాలుగో ఐదో ఉన్నాయి. మా బల్ల మీద రాళ్లు, మన్ను సీసాలు, మీ బొగ్గు గని ఆకు, దాని పక్కన పసుపు బండ తిరగేసి. బండ వెనక అట్ట మీద పేపరు కటింగు అంటించాం. దాని కింద పైడితల్లి దస్తూరీ: "ఈ వార్త తప్పు. మేమే తప్పు చెప్పాం. ఇది ఆకు కాదు. ఎందుకు కాదో అడగండి."

కటింగు పెట్టొద్దన్నాను, నాకు సిగ్గనిపించి. "పెడితేనే కదా టీచరమ్మా, మనకి తెలిసిందని తెలుత్తాది" అంది.

న్యాయనిర్ణేతలు ముగ్గురు. అందులో ఒకాయన కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతారట. రాగానే బండ చూశారు, కటింగు ఫొటో చూశారు, పక్కాయన వైపు తిరిగి నవ్వారు. "చూశారా, పల్లెటూళ్లలో ప్రతి మచ్చా శిలాజమే" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు.

సరిగ్గా మీరు చెప్పిన నవ్వే చిన్నాన్నా. నేను నోరు తెరవబోయాను.

పైడితల్లి నాకన్నా ముందు, "సార్, సీటీ సదవండి" అంది.

అరవలేదు, బెదరలేదు. ఆ బొంగురు గొంతుతోనే అంది. ఆయన వంగి చదివారు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది గానీ అందులో నవ్వు లేదు.

"సరే, ఎందుకు కాదు?" అన్నారు.

మీ ఆకు చూపించింది, "దీనికి నడుమ ఈనుంది, దీనికి నేదు" అంది. పగులు చూపించింది, "ఇక్కడ నుంచి నల్లనీళ్లు ఎల్లినాయి" అంది. తర్వాత స్టవ్వు మీది పాకం తీసి, పలకలు అదిమి, టప్పున విడదీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "ఇంకోసారి" అన్నారు. ఇంకోసారి చేసింది. "నన్ను చెయ్యనీ" అన్నారు. చేశారు. తెల్ల చొక్కా కఫ్ నిండా బెల్లం.

అయినా వదల్లేదు. "మరి మీ కొండరాళ్లలో అసలు ఆకులే ఎందుకు దొరకవమ్మా?" అన్నారు. ఇది నేను నేర్పలేదు, మీరూ రాయలేదు. అది స్టవ్వు మీది పాకం వైపు చూసింది.

"సెరుకు రసంలో ఆకు పడినాదనుకోండి సార్. గంటలు గంటలు పెనంలో ఉడికేక బెల్లం దిమ్మలో ఆకు కనపడతాదా? కనపడదు. మా కొండ వండీసిన రాయి సార్. బొగ్గు తాత రాయి వండలేదు, బురద అలాగే ఎండినాది."

కొండరాయి లోపలి వేడికి మారిన రాయని ఎప్పుడో జూలైలో ఒక్కసారి పాఠంలో చెప్పాను. పెనం దాని సొంతం.

ఆయన మిగతా ఇద్దర్నీ చెయ్యి ఊపి పిలిచారు. అగ్నిపర్వతాల దగ్గర ఉన్న జనం అంతా మా బల్లకి వచ్చేశారు. వెళ్లే ముందు ఆయన అందరూ వినేలా, "ఇందాక నేను చదవకుండా నవ్వాను, అది నా తప్పు" అన్నారు. ఇరవై ఏళ్లుగా ఈ రాళ్లు బోర్డు మీద గీసి చూపిస్తున్నానని, రేపటి నుంచి క్లాసుకి బెల్లం పట్టుకెళ్తానని అన్నారు.

మొదటి బహుమతి చింతలగరువుదే! పెద్ద భూతద్దం ఇచ్చారు. అది అందుకుని కిందికి దిగుతుంటే వాళ్ల నాన్న పైడిరాజు దాన్ని భుజం మీదికి ఎత్తేశాడు. వెనక బెంచీ వాళ్లే అందరికన్నా గట్టిగా ఈలలు వేశారు. అప్పలకొండమ్మ మాత్రం బండ దగ్గర నుంచి కదల్లేదు. "అయిపోనాదా? ఇంక నా పసుపు బండ నాకిచ్చీండి" అంది. ఇచ్చేశాం. అడుగు వైపు మళ్లీ ఎవరికి కావాలన్నా చూపిస్తానని మాటిచ్చింది.

నేను దారంతా బస్సులో పాటలు పాడాను. కండక్టరు కూడా పాడాడు.

మీ పుష్ప

*

చింతలగరువు
3 మార్చి 2002

గౌరవనీయులైన బొగ్గు తాతగారికి,

నమస్కారములు. నేను పైడితల్లిని. 4వ తరగతి. ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. టీచరమ్మ తప్పులు మాత్రమే దిద్దుతారు.

మీ ఆకు రాయి క్షేమం. ఎవరూ నాకలేదు. బుజ్జిగాడు ఒక్కసారి నాకాడు. ఉప్పగా లేదని చెప్పాడు. భూతద్దంతో మీ రాయి చూస్తే చాలా ఈనెలు కనిపించాయి. నేను లెక్కపెట్టాను, మధ్యలో మర్చిపోయాను.

మా నాయనమ్మ బండ ఇంటికి తీసుకెళ్లిపోయింది. అందుకని బీరువా మీద ఆ చోటు ఖాళీ. అక్కడ మీ రెండో రాయి పెట్టాలని అందరం అనుకున్నాం. మీరు వాగులో పారేసిన పలక. టీచరమ్మ చెప్పారు. మీది తప్పు కాదు తాతగారూ. నేనూ అలాగే అనుకున్నాను. అది చూసి ఎవరైనా అలాగే అనుకుంటారు. నవ్విన సారు కూడా చిన్నప్పుడు అలాగే అనుకున్నారంట, వెళ్లేటప్పుడు నాకు చెవిలో చెప్పారు.

మీరు ఏ వాగులో పారేశారో, ఏ పక్కన పారేశారో రాయండి. రాయి ఎక్కడికీ పోదు కదా. మా నాన్న వచ్చి వెతుకుతానన్నాడు. చీటీ ముందే రాసి పెట్టేశాను. "ఇది ఆకు కాదు. కనుగొన్నది: జాన్ బాబు, బొగ్గు గని, 1969."

ఇట్లు
పైడితల్లి

*

ఇల్లెందు
21 మార్చి 2002

చిరంజీవి పైడితల్లికి, మా పుష్పకి తాత దీవెనలు.

పైడితల్లమ్మా, మీ నాన్నని వాగులో దిగొద్దని చెప్పు. అక్కడ ఏమీ దొరకదు. నేను మీ టీచరుకి అబద్ధం రాశాను.

పారెయ్యడానికే వెళ్లాను. వాగు గట్టు మీద గంట సేపు కూర్చున్నాను. చేతులు రాలేదు. మొక్క కాకపోయినా అంత అందంగా ఉందది. చొక్కాలో దాచుకుని వెనక్కి తెచ్చేశాను. ముప్పై రెండేళ్లు నా ట్రంకు పెట్టె అడుగున, పెళ్లి పంచె మడతలో ఉంది. మీ పిన్నికి నిన్న చూపించాను పుష్పా. నన్ను కాసేపు చూసి, "ఇన్నాళ్లూ ఆ పెట్టె ఎందుకంత బరువో ఇప్పుడు తెలిసినాది" అంది. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. మా లైన్లో వాళ్లు వచ్చి చూశారు. ఆకుల జాన్ అని మళ్లీ పిలిచారు. ఈసారి పలికాను.

ముప్పై ఒకటితో నా పని అయిపోతుంది. రెండో తారీఖు రైలు. చీటీ తడవకుండా చూడు తల్లీ, దస్తూరీ బాగుంటుందని విన్నాను.

రాయి పార్సిల్ చెయ్యను. బడికి ఇంటికో రాయి కదా. నా రాయి నేనే మోసుకొస్తాను.

జాన్ బాబు